బెల్లు విని వచ్చే పిట్టలు

అమ్మ పోయిన ఏడాదికి గానీ ఆమె రేకుపెట్టె తెరవడానికి నాకు చేతులు రాలేదు. తెరిస్తే పైన రెండు నేత చీరలు, వాటి కింద పాత బనీను గుడ్డలో చుట్టిన సైకిల్ బెల్లు. మా నాయినది. మూత అంతా తుప్పు పట్టింది గానీ లోపలి స్ప్రింగు బతికే ఉంది. ఊరికే బొటనవేలితో నొక్కాను. అది ‘ట్రింగ్’ మన్నదో లేదో, నా కాళ్లు నన్ను అడగకుండానే వంటింట్లోకి నడిచాయి, నా చెయ్యి బియ్యం డబ్బా మూత తీసేసింది. గుప్పెడు బియ్యం పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడ్డాను. ఎటు చల్లాలి? హనుమకొండలో మూడో అంతస్తు ఫ్లాటు నాది. పెరడూ లేదు, చెట్టూ లేదు. ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకుని, బియ్యం మళ్లీ డబ్బాలో పోశాను. అయినా మనసు ఊరుకోలేదు. సాయంత్రానికి స్క్రూడ్రైవర్ వెతికి ఆ బెల్లును బాల్కనీ కడ్డీకి బిగించేశాను.

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. మధ్యాహ్నం నడుం వాలిస్తే ఒళ్లు పడుకుంటుంది గానీ చెవులు పడుకోవు. ఎక్కడ గిన్నె జారినా గుండె గుభేలుమంటుంది, అయ్యో నాయిన లేస్తాడేమో అని. ఆయన పోయి ఎన్నేళ్లయింది! ఇంకా నేను ఆయన నిద్రకు కాపలా కాస్తూనే ఉన్నాను.

కాజీపేటలో మాది రైల్వే క్వార్టరు. నాయిన గూడ్సు బండి డ్రైవరు. అప్పుడు బొగ్గు ఇంజన్లు. రాత్రంతా బల్లార్షా వైపు పోయి, తిరిగొచ్చేసరికి మాకు పొద్దెక్కేది, ఆయనకు అప్పుడు పొద్దుగూకేది. ఇంటి నడకంతా తలకిందులుగా ఉండేది. పగలు మా ఇంట్లో రోలు మోగకూడదు. తలుపు వెయ్యకూడదు, ఆనించాలి. నల్లా కింద బిందె పెడితే అడుగున గుడ్డ పరచాలి, నీళ్లు పడే చప్పుడు వినపడకుండా. అమ్మ కాలి మట్టెలు నాపరాళ్లకు తగలకుండా మడమల మీద నడిచేది. నాకూ అమ్మకూ చేతులతో, కనుబొమలతో మాట్లాడుకోవడం ఎంత బాగా అలవాటైందంటే, ఆయన డ్యూటీకి పోయినప్పుడు కూడా గొంతు తెరవడం మరిచిపోయేవాళ్లం. కిటికీకి గోనెసంచి కట్టి ఉండేది. ఆ చీకటి గదిలోంచి బొగ్గు పొగ, గ్రీజు, ఆయన పొగాకు కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన ఉంటే నాయిన ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే లైను మీద ఉన్నట్టు.

ఇంటెనక పెరడు మాత్రం అమ్మ రాజ్యం. చుట్టూ పొలాలున్న ఊళ్లో పుట్టి పెరిగి, గోడకు గోడ ఆనించిన క్వార్టర్లలోకి వచ్చి పడింది కదా, ఆమెకు ఊపిరాడేది కాదు. అందుకని పిట్టల్ని పిలుచుకుంది. ఒక పాత కుండకు అడుగున చిన్న బొక్క పొడిచి, అందులో గుడ్డ వత్తి దూర్చి, జామకొమ్మకు వేలాడదీసింది. కింద పెట్టిన మూకుడులో చుక్కచుక్కగా నీళ్లు పడేవి. ఊరికే పోసిపెట్టిన నీళ్లకు రాని పిట్టలు కూడా చుక్క పడే చప్పుడుకు వస్తాయని ఆమె నమ్మకం. వచ్చేవి కూడా. ఊరి నుంచి తెచ్చిన జొన్నకంకుల్ని కట్టగట్టి సూరు కింద కట్టేది పిచ్చుకలకు. చల్లారిన పొయ్యిబూడిద ఒక మూల పోసేది, అందులో అవి పొర్లి స్నానాలు చేసేవి. పిల్లి ఎక్కకుండా జామమొదలుకు తుమ్మకంప చుట్టింది. చెట్టు కింద రాలిన ఆకులు ఊడ్వనిచ్చేది కాదు. ఏడెనిమిది కలిసి తిరిగే మట్టిరంగు పిట్టలు ఉంటాయి చూశారూ, అవి వచ్చి ఆ ఆకుల్ని తిరగేసి పురుగులు ఏరుకుంటూ ఒకదాన్నొకటి తిట్టుకునేవి. వాటికి అమ్మ కొట్లాట పిట్టలని పేరు పెట్టింది. గోరింకలు, పికిలిపిట్టలు, రెండు ఉడుతలు, ఒక కుంటికాకి. పక్కింటి ఆడవాళ్లు “పెరడు ఊడుస్తె ఏం పోతది సుగుణా, అడివి లెక్క పెట్టినవ్” అని దెప్పితే, “అడివి కావాల్ననే పెట్టిన” అని నవ్వేసేది.

ఇక ఆ బెల్లు కథ. డ్రైవర్ల ఇళ్లల్లో అప్పుడొక పట్టింపు ఉండేది, కనీసం మా ఇంట్లో మాత్రం గట్టిగా ఉండేది. లైను మీదికి తీసుకుపోయిన టిఫిన్ క్యారియర్‌ను ఖాళీగా ఇంటికి తేకూడదు. అడుగున ఒక ముద్ద మిగల్చాలి. మా నానమ్మ దాన్ని తిరిగొచ్చే ముద్ద అనేది. ముద్ద మిగిలితే మనిషి తిరిగొస్తాడు, మళ్లీ పోతాడు, మళ్లీ తిరిగొస్తాడు. ఆ ముద్దను ఇంట్లోవాళ్లు ఎవరూ తినకూడదు, పారెయ్యనూ కూడదు. బొగ్గునుసి పడి నల్లచుక్కలున్న ఆ బువ్వను అమ్మ పెరట్లో పిట్టలకు వేసేది. నాయిన వీధి మలుపు తిరగగానే రెండుసార్లు బెల్లు కొట్టేవాడు, పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టమని అమ్మకు గుర్తు. బెల్లు మోగాక కాసేపటికి ముద్ద పడుతుందని పిట్టలు పసిగట్టాయి. మేము గమనించేసరికి బెల్లు విని అమ్మకంటే ముందు అవే తయారయ్యేవి. ఎక్కడెక్కడివో వచ్చి జామచెట్టు నిండా వాలి ఒకటే లొల్లి. నాయిన సైకిల్ స్టాండు వేస్తూ ఆ గోల విని, “చూసినవా విమలా, డ్రైవర్ సాబ్ వచ్చిండని నా సుట్టాలు వచ్చిన్రు” అని మీసాల కింద నవ్వేవాడు. తర్వాత తిని పడుకుంటే, కిటికీ పక్కనే ఆ గోల, అవతల యార్డులో డబ్బాలు కలిపే షంటింగు చప్పుడు, ఇంజన్ల కూతలు, అన్నిటి కింద ఆయన గుర్రు వినపడేది. మేము బిందెకింద గుడ్డలు వేసి చేసిన జాగ్రత్తలన్నీ మా భయానికే తప్ప ఆయనకు అక్కర్లేదు. రెండేళ్లు అట్లాగే నడిచింది. ఈ రెండేళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మేము మరిచిపోయాం.

మూడో ఏడు ఎండాకాలం పోయి తొలకరి పడ్డ రోజుల్లో నాయిన ఒకరోజు పడుకున్నవాడు దిగ్గున లేచొచ్చి, జామచెట్టు మీదికి చెప్పు విసిరాడు. “ఏందే గీ లొల్లి? మనిషిని పండనియ్యవా గీ పీడ?” అమ్మ చేతిలోని చేట చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు మళ్లీ అదే. ఆ తర్వాత అది రోజూ అయింది. ముక్కు మీద కోపం ఉన్న మనిషే, కానీ ఇది కోపంలా లేదు. కళ్లు ఎర్రగా ఉండేవి, ఇంజను పొయ్యిలో నిప్పు చూసీ చూసీ అట్లా అయ్యాయేమో అనుకున్నాం. అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే ఉంచి లేచేవాడు. ఒకసారి అమ్మ ఉండబట్టలేక అననే అన్నది, “ఇంటెనక ఇంజన్ మొత్తుకున్నా లేవని మనిషివి, పిచ్చుక కూస్తె లేస్తానవా?” అని. నాయిన గోనెసంచి దించి లోపల పడుకున్నాడు.

అమ్మ నాకు పని అప్పజెప్పింది. చప్పుడు కాకుండా పిట్టల్ని తోలాలి. చప్పుడు కాకుండా పిట్టల్ని తోలడం మీరెప్పుడైనా చేశారా? హుష్ అనకూడదు, రాయి వెయ్యకూడదు, చప్పట్లు కొట్టకూడదు. నాయిన లైను మీదికి తీసుకుపోయే పెట్టెలోంచి ఎర్రజెండా తీసుకుని చెట్టు కింద నిలబడి ఊపేదాన్ని. గూడ్సు బండి ఆగే జెండాకు గోరింక ఆగదని నాకు తెలియదు. అది తల పక్కకు వంచి నన్ను చూసేది, ఇంకో కొమ్మ మీదికి దూకి మళ్లీ మొదలుపెట్టేది. పచ్చజెండా ఊపితే పోతాయేమోనని అది కూడా ఊపాను. అమ్మ గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ రోజుల్లో అమ్మ నవ్వడం అదే ఆఖరు.

బెల్లు ఆపితే అవి రావు కదా అని అమ్మకు తోచింది. “జర బెల్లు కొట్టకుండ రారాదూ” అని బతిమాలింది. సరేనన్నాడు. కానీ ఇన్నేళ్ల బొటనవేలు, అది మలుపు రాగానే తనంతట తాను నొక్కేసేది. నొక్కి, నాలుక కరుచుకుని, తల దించుకుని సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు. చెట్టు మీద అప్పటికే సభ నిండిపోయేది. మేము పిలిచి అలవాటు చేసిన చుట్టాలు మమ్మల్నే బద్నాం చేస్తున్నాయని అమ్మకు తన మీద తనకే మంట. తప్పు తనదేనని ఎంత గట్టిగా అనుకుందంటే, ఇక వేరే ఏదైనా వెతకాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

అప్పుడొచ్చాడు యాదగిరి మామ. నాయిన ఇంజను మీద బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్, అమ్మను అక్కా అనేవాడు. నాయిన దుకాణానికి పోయిన సమయం చూసుకుని వచ్చి, గడప దాటకుండానే నిలబడ్డాడు. “అక్కా, నేను చెప్పినట్టు అన్నతోని అనకు. మొన్న బండి మీద నిలవడ్డకాడ్నే అన్న కండ్లు మూసుకపోయినయ్. నేను భుజం పట్టి ఊపిన. సిగ్నల్ ఎర్రగుంది అక్కా. నేను చూసిన కాబట్టి అయింది. ఇంకోనాడు నేను బొగ్గు ఎగేసుకుంట ఇటు తిరిగి ఉంటె?” అమ్మ వీధి వైపు చూసింది, నాయిన వస్తున్నాడేమోనని. “అన్నకు పగటిపూట నిద్ర లేకుంటె అందరం పోతం. నౌకరి సంగతి ఆయెనక” అని మామ తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ పూటే అమ్మ కుండ దించింది. జొన్నకంకులు కోసి, గింజలు రాల్చి, పక్కింటి మేకకు పెట్టింది. ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టింది. బూడిద ఎత్తి అవతల పోసింది. కిటికీ వైపున్న జామకొమ్మను కొడవలితో తనే నరికింది, ఒక్కో దెబ్బకు మొహం పక్కకు తిప్పుకుంటూ. తిరిగొచ్చే ముద్దను ఏం చెయ్యాలో తోచక చెట్టు మొదట్లో చిన్న గుంట తీసి పూడ్చడం మొదలుపెట్టింది. మొదటి నాలుగు రోజులు బెల్లుకు అన్నీ వచ్చాయి. వచ్చి, కింద ఊడ్చిన నేలను చూసి, కుండ లేని కొమ్మను చూసి, మా మొహాలు చూశాయి. అమ్మ చీపురు ఎత్తి పట్టుకుని నిలబడేది, కొట్టదు, దించదు. తర్వాత గోరింకలు మానేశాయి. పిచ్చుకలు మానేశాయి. ఆఖరుకు కుంటికాకి ఒక్కటి మిగిలింది, ఒక రోజు అదీ రాలేదు. “ఆకలితోని వచ్చినోళ్లను వాకిట్లకెల్లి ఎల్లగొట్టినట్టయింది బిడ్డా” అని అమ్మ ఆ రోజు బువ్వ తినలేదు.

పోనీ, నాయిన నిద్రపోయాడా? మేము ఆనించిన తలుపు సందులోంచి చూసేవాళ్లం. వెల్లకిలా పడుకుని, కళ్లు తెరుచుకుని, పైకప్పు దూలాన్ని చూస్తూ ఉండేవాడు. యార్డులో ఇంజన్ కూత వేస్తే మంచం మీద ఒళ్లంతా ఒక్కసారి బిగిసేది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. ఆ నిశ్శబ్దంలో నాకూ ఊపిరి తిప్పుకోవడం కష్టంగా ఉండేది. కాళ్లూ చేతులూ ఒకటే పీకేవి, ఎటైనా పరిగెత్తాలని, ఏదైనా పగలగొట్టాలని ఉండేది.

ఒక మిట్టమధ్యాహ్నం ఆయన బనీనుతో పెరట్లోకి వచ్చాడు. అమ్మ బట్టలు ఆరేస్తోంది, నేను పక్కన గుడ్డపేలికలు మడతపెడుతున్నాను. ఆయన నరికిన కొమ్మ మొదలును చేత్తో తడిమి, “పిట్టలేవే?” అన్నాడు.

“నువ్వే గద పొమ్మన్నవ్” అంది అమ్మ. ఆమె గొంతులో ఏడుపు కంటే ఉక్రోషం ఎక్కువుంది. “నువ్వు పండాల్నని, నా చేతులార ఎల్లగొట్టిన.”

నాయిన బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. “నా నిద్ర పోయింది పిట్టలతోని కాదే” అన్నాడు. నేల చూస్తూ చెప్పాడు. “ఎండకాలంల... బొగ్గు ఏరుకునే ముసలమ్మ. పట్టాల నడుమ వంగి ఏరుకుంటాంది. దూరంకెల్లి చూసిన. కూత ఏసిన. ఇంకోటి ఏసిన. బ్రేక్ కొట్టిన. బండేమన్న సైకిలా, ఆగుతదా? కూత ఏసుకుంటనే ఉన్న. ఆమె తిరిగి చూడలె. చెవులు వినపడవంటనే ఆమెకు. ఎనక చెప్పిన్రు.” అమ్మ చేతిలోని తడిచీర నేల మీద పడింది. “యాదగిరి ఇంజన్ దిగి ఏడ్చిండు. నేను ఏడ్వలె. వాన్ని ఎవలకు చెప్పద్దని ఒట్టు పెట్టించిన. గప్పటిసంది ఏ ఇంజన్ కూసినా గదే కూత నాకు. గా పిట్టల లొల్లిల జర కలిసిపోయేది. వాటిని తిట్టుకుంట పండితె, గింతన్న కన్నంటుకునేది. తిట్టెటందుకు అవ్వి ఉండె. ఇప్పుడు ఎవ్వన్ని తిట్టాలె?”

మా నాయిన ఏడవడం నేను చూడటం అదే మొదలు. శబ్దం లేదు, భుజాలు మాత్రమే కదిలాయి. అమ్మ ఆయన తల నిమరలేదు, ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. లోపలికి పోయి, తిరిగొచ్చే ముద్ద కాదు, డబ్బాలోని మంచి బియ్యం చేట నిండా పట్టుకొచ్చి ఆయన పక్కన పెట్టింది. నన్ను చూసి కనుబొమలతో సైకిల్ చూపించింది. నేను సైకిల్‌ను పెరట్లోకి నడిపించుకొచ్చాను. నాయిన కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి బెల్లు రెండుసార్లు కొట్టాడు. ఏదీ రాలేదు. మళ్లీ కొట్టాడు. క్వార్టర్ల వాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు.

డ్యూటీ లేని ప్రతి పూటా ఆయన పెరట్లో కూర్చుని బెల్లు కొట్టాడు. అమ్మ కుండ మళ్లీ కట్టింది. నేను వీధి చివరి దాకా పోయి ఎండుటాకులు ఏరుకొచ్చి చెట్టు కింద పరిచాను. తొమ్మిదో రోజున కుంటికాకి గోడ మీద వాలి, ఇంకా నమ్మకం కుదరనట్టు ఒంటికాలి మీద అటూ ఇటూ జరిగింది. మర్నాడు గోరింకలు. ఆ వెనక ఆకుల్లోకి కొట్లాట పిట్టలు దిగి ఏం తిట్టుకున్నాయి తల్లీ! నాయిన గదిలోకి పోకుండా అక్కడే, వరండాలో, నులకమంచం మీద నోరు తెరిచి నిద్రపోయాడు. అమ్మా నేనూ ఆ గోల మధ్య నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆయన గుర్రు విన్నాం. ఆ వారమే అమ్మ ఆయన్ను చెయ్యి పట్టుకుని రైల్వే దవాఖానకు తీసుకుపోయి డాక్టరు ముందు జరిగిందంతా చెప్పించింది. కొన్ని నెలలు షెడ్డులో పగటి పని ఇచ్చారు. తర్వాత మళ్లీ బండెక్కాడు, రిటైరయ్యే దాకా నడిపాడు.

అమ్మ మాత్రం ఆ తప్పును చివరిదాకా మోసింది. ముసలితనంలో నా దగ్గరున్నప్పుడు కూడా ఉన్నట్టుండి అనేది, “కొమ్మ నరుకుడు తెలిసింది, కుండ దించుడు తెలిసింది. ఎందుకు నిద్ర పడ్తలేదయ్యా అని ఒక్కమాట అడుగుడు తెల్వలేదు నాకు” అని. పోనీలేమ్మా అంటే చిరాకుపడేది. “నీకేం తెల్సు, ఊకో” అనేది. ఆమె చిరాకు ఎందుకో నాకు అప్పుడు నిజంగా అర్థం కాలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలకు పావురాలు రాకుండా వలలు కట్టారు. నేను మాత్రం కట్టనివ్వలేదు, సెక్రటరీతో గొడవ పెట్టుకుని మరీ. పిచ్చుకలైతే కంటికి కనిపించి ఎన్నాళ్లయిందో. అప్పుడు ఒక్క మనిషి పగలు పడుకుంటే వీధి వీధంతా గొంతు తగ్గించేది, మాకు తెలిసిన ప్రపంచమంతా ఆయన నిద్ర చుట్టూ తిరిగేది. ఇప్పుడు గోడ అవతల ఎవరు ఎప్పుడు పడుకుంటారో, అసలు పడుకుంటారో లేదో ఎవరికి పట్టింది? నాకూ పట్టలేదు. బెల్లు బిగించిన మర్నాటి నుంచి పొద్దున పదింటికల్లా కంచంలో ఒక ముద్ద మిగిల్చి, బాల్కనీ గోడ మీద పెట్టి, రెండుసార్లు కొడుతున్నాను. ఏదీ రాదు. నాయినకు తొమ్మిది రోజులు పట్టింది కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఆరో రోజు, అంటే నిన్న, బెల్లు కొట్టి లోపలికి వచ్చేసరికి తలుపు చప్పుడైంది. పక్క ఫ్లాటు అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇంట్లోనే కంప్యూటర్ ముందు రాత్రి డ్యూటీ చేస్తాడని విన్నాను గానీ ఎన్నడూ పలకరించింది లేదు. జుట్టు చెదిరి ఉంది. “ఆంటీ, ఏమనుకోకుండ్రి, జర గా బెల్లు... పొద్దుగాల పండుకుంట నేను” అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తలుపు చెక్కకు భుజం ఆనించి. క్షమించమని చెప్పి, బెల్లు ఊడదీస్తానని చెప్పి తలుపేసుకోవాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు అతని కళ్లు చూశాను. ఆ ఎరుపు నాకు తెలుసు.

“బెల్లు నేను ఆరు రోజుల సందే కొడ్తాన్న బిడ్డా” అన్నాను. “అంతకు ముందు నిద్ర పడుతుండెనా నీకు?”

అతను నా వైపు కాకుండా గడప వైపు చూశాడు. “లేదు ఆంటీ” అన్నాడు, “మూడు నెలలాయె.” చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.